డాన్స్ బాగుంది, పాట లేదు

మినీ ప్రాజెక్ట్ వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"అక్యురసీ ఎంతొచ్చిందమ్మా?"

"తొంభై ఆరు శాతం సార్" అన్నా.

ఆయన తలూపి సంతకం పెట్టేశారు. మా టీమ్ నలుగురం క్యాంటీన్‌కి పోయి సమోసాలు తిన్నాం. అంతే, ప్రాజెక్ట్ అయిపోయింది.

పేరు చెప్తే మీలో సగం మంది నవ్వుతారని తెలుసు. సైన్ లాంగ్వేజ్ రికగ్నిషన్ యూజింగ్ డీప్ లెర్నింగ్. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటో రెండో టీములు దీన్ని చేస్తూనే ఉంటాయి కదా. డేటాసెట్ ఫ్రీగా దొరుకుతుంది, సీనియర్ల పీపీటీ కూడా దొరుకుతుంది. చాలామంది వాడే డేటాసెట్‌లో ట్రైనింగ్‌కి 27,455 బొమ్మలు, టెస్టింగ్‌కి 7,172 బొమ్మలు ఉంటాయి. ఒక్కో బొమ్మ 28 పిక్సెళ్ళ పొడవు, 28 పిక్సెళ్ళ వెడల్పు. ఇంగ్లీషు అక్షరాలు 26 కదా, ఇందులో 24 మాత్రమే ఉంటాయి. జే, జెడ్ చూపించాలంటే చెయ్యి కదపాలి. కదిలేది ఒక్క ఫోటోలో పట్టదు కాబట్టి ఆ రెండూ వదిలేశారు. అప్పుడు నాకు అందులో తేడా ఏమీ కనపడలేదు. కదలికతో నడిచే భాషలోంచి కదలికనే తీసేసి, మిగిలినదానికి నేను తొంభై ఆరు వేసుకున్నా.

మిగతా టీముల దగ్గర లేనిది మా దగ్గర ఒకటుంది. మోటివేషన్ స్లయిడ్‌లో అందరూ గూగుల్‌లో దొరికిన చేతుల బొమ్మ పెడతారు. నేను మా తమ్ముడి ఫోటో పెట్టా. వాడికి పుట్టినప్పట్నుంచీ వినపడదు. ఆ స్లయిడ్ రాగానే ప్యానెల్‌లో మేడమ్ ముఖం మారిపోయింది. మంచి మార్కులు పడ్డాయి. ఫోటో పెడుతున్నానని వాడికి మాత్రం చెప్పలేదు.

మాది నంబులపూలకుంట. ఎన్‌పీ కుంట అంటేనే అందరికీ తెలుస్తుంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. బయటివాళ్ళకి మా మండలం సోలార్ పార్క్‌తో తెలుసు. మాకైతే ఊరంటే శెనక్కాయ చేను, కదిరి బస్సు, ఎప్పుడొస్తుందో తెలియని వాన. తమ్ముడికీ మాకూ మధ్య ఇంట్లో పుట్టిన సైగలు ఒక ముప్ఫై, నలభై ఉండేవి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిట్లించినట్టు నొక్కితే శెనక్కాయలు. రెండు చేతులతో మోకు పట్టి లాగితే కదిరి, అంటే నరసింహస్వామి తేరు. మీసం తిప్పితే నాయన. కొంగు నడుముకి దోపితే అమ్మ. బొటనవేలు గాల్లో పైకీ కిందకీ ఆడిస్తే నేను. ఎప్పుడూ ఫోన్‌లో రీల్స్ తోస్తుంటానని ఆ పేరు.

వాణ్ణి ఆరేళ్ళప్పుడు అనంతపురం వైపు, వినికిడి లోపమున్న పిల్లల హాస్టల్ స్కూల్లో వేశారు. ఈ ఒక్క విషయంలో మా వైపు పిల్లలు కొంచెం అదృష్టవంతులనే చెప్పాలి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ లాంటి సంస్థ ఇలాంటి పిల్లల కోసమే ఇక్కడ ప్రత్యేకంగా స్కూళ్ళు నడుపుతోంది. స్కూల్లో వాడికి అసలైన భాష దొరికింది. దాని పేరు ఇండియన్ సైన్ లాంగ్వేజ్, భారతీయ సంజ్ఞా భాష. కానీ సెలవులకి ఇంటికొస్తే ఆ భాషలో మాట్లాడ్డానికి ఒక్కరూ లేరు. మేం మా ముప్ఫై సైగల దగ్గరే ఆగిపోయాం. నేను కదిరిలో ఇంగ్లీషు మీడియం, వాడు అక్కడ సైన్ మీడియం. ఒకే ఇంట్లో పుట్టి ఒకరి మీడియం ఒకరికి రాకుండా పెరిగాం.

మేం వెళ్ళే చర్చి చిన్నది, రేకుల కప్పు. ఇంట్లో ఉన్నప్పుడు వాడూ ఆదివారం వచ్చి అమ్మ పక్కన కూచునేవాడు. రెండున్నర గంటలు అందరి నోళ్ళూ కదలడం చూస్తాడు. అందరూ లేస్తే లేస్తాడు, కూచుంటే కూచుంటాడు. డోలక్ గట్టిగా మోగినప్పుడు మాత్రం ముందు బెంచి మీద అరచెయ్యి ఆనించి పెడతాడు. ఎందుకు రా అని నేనెప్పుడూ అడగలేదు.

పోయిన డిసెంబర్లో సెమీ క్రిస్మస్‌కి ఏదైనా కొత్తగా చేద్దామని క్వైర్ గ్రూపులో మాట్లాడుకుంటున్నారు. నేను హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టా. "ఒక పాట సైన్ లాంగ్వేజ్‌లో చేద్దామా? నా ప్రాజెక్ట్ కూడా అదే." క్వైర్ నడిపే అన్న వెంటనే "సూపర్ తల్లీ, నువ్వే నేర్పించు" అన్నాడు. పాస్టర్ అయ్యగారు కూడా చాలా సంతోషించారు.

యూట్యూబ్‌లో అమెరికా చర్చిల వీడియోలు చూశా. ఒకే రంగు బట్టల్లో ముప్ఫై మంది, ఒకేసారి లేచే చేతులు, చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. వాటిలోంచి ఒక్కో మాటకి ఒక్కో సైగ పట్టుకున్నా. మా తెలుగు పాటలో ఆ మాట వచ్చిన చోటల్లా ఆ సైగ అతికించా. దొరకని మాటలకి నేనే ఏదో కల్పించా. క్వైర్‌లో పదకొండు మందిమి, నాలుగు రోజుల ప్రాక్టీసు. కదిరి నుంచి తెల్ల గ్లౌజులు తెప్పించాం. "ముఖాలు భక్తిగా పెట్టండి, ఎవరూ నవ్వద్దు" అని అందరికీ నేనే చెప్పా.

ఆ రాత్రి మా వెనక పెద్ద స్టార్, సీరియల్ సెట్లు మిలమిలా వెలుగుతున్నాయి. తమ్ముణ్ణి మొదటి బెంచీలో కూచోబెట్టారు. పాట అయ్యేసరికి అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. అమ్మగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక అత్త తమ్ముడి భుజం తట్టి, మా వైపు చూపించి, నోరు పెద్దగా తెరిచి "నీ కోసమే రా, నీ కోసమే" అంది. వాడు నవ్వి తలూపాడు.

ఇంటికొచ్చాక పక్క మంచం మీదున్న వాడికి వాట్సాప్ చేశా. "ఎట్లుండింది?"

"డాన్స్ బాగుంది. పాట లేదు."

"అది పాటే రా. సైన్‌లో."

"చేయి చాలా. నేను చూడు చూడు, అర్థం లేదు." ఒక నిమిషం ఆగి ఇంకో మెసేజ్ వచ్చింది. "ఒకటి తెలుసు. యేసు."

నడిమి వేలితో అరచేతి మధ్యలో తాకడం, మేకుల గుర్తు. నాలుగు నిమిషాల పాటలో వాడికి అందింది ఆ ఒక్కటే.

నిజం చెప్తున్నా, ముందు నాకు వచ్చింది కోపం. ఇంతమంది ఇంత కష్టపడితే ఇదా అనేది? సిగ్గు తర్వాత వచ్చింది. మొదటి బెంచీలో వాడు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఏమీ అర్థం కానప్పుడు ఎదుటివాళ్ళు బాధపడకుండా నవ్వే నవ్వు అది. ఆ నవ్వు వాడి ముఖం మీద నేను పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా. సంతోషంగా ఉన్నాడనే అనుకున్నా.

మర్నాడు లాప్‌టాప్ తెరిచా. కనీసం ప్రాజెక్ట్ చూపించి పరువు దక్కించుకుందామని. మోడల్ రన్ చేసి, వెబ్‌కామ్ ముందు కూచోబెట్టి, నీ పేరు చెప్పు అని సైగ చేశా. వాడు రెండు చేతులతో అక్షరాలు పట్టాడు. నా మోడల్ 'బి' అంది. రెండో అక్షరానికీ 'బి' అంది. మూడోదానికీ అదే. వాడు మంచం మీద పడి పడి నవ్వాడు. ఊళ్ళో వాణ్ణి మూగోడు అంటారు గానీ, వాడు నవ్వితే మూడిళ్ళ అవతలికి వినపడుతుంది.

నవ్వు ఆపుకుని నా ఎడమ చెయ్యి లాక్కున్నాడు. ఐదు వేళ్ళూ విడదీసి, తన చూపుడువేలితో ఒక్కో వేలి కొసనీ తాకుతూ, తాకిన అక్షరాన్ని ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు. బొటనవేలు ఏ, చూపుడువేలు ఈ, మధ్యవేలు ఐ, ఉంగరపు వేలు ఓ, చిటికెన వేలు యూ. అయిదు వేళ్ళకి అయిదు అచ్చులు. నా డేటాసెట్ అమెరికాది. అక్కడ అక్షరాలు ఒంటి చేత్తో పడతారు. మన దగ్గర రెండు చేతులు కావాలి. వాడి ఫోటో పెట్టి మార్కులు తెచ్చుకున్న ప్రాజెక్ట్‌కి వాడి పేరు చదవడమే రాదు.

అదే లాప్‌టాప్‌లో పీపీటీ కూడా తెరిచి ఉంది. వాడు స్లయిడ్‌లో తన ఫోటో చూశాడు. ఈసారి నవ్వలేదు.

ఆ రాత్రి కూచుని చదవడం మొదలుపెట్టా. ఈ పని ప్రాజెక్ట్ మొదట్లో చెయ్యాల్సింది. ప్రపంచమంతా ఒకే సైన్ లాంగ్వేజ్ ఉంటుందని నేననుకున్నా. అమెరికాలో, బ్రిటన్‌లో మాట్లాడేది ఇంగ్లీషే అయినా వాళ్ళ సంజ్ఞా భాషలు వేరువేరు. 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల స్కూలు మొదలైనప్పుడు పాఠం చెప్పడానికి లారెంట్ క్లెర్క్ అనే బధిర టీచర్ ఫ్రాన్స్ నుంచి వచ్చాడు. అందుకే అమెరికా సైన్‌కి చుట్టరికం ఫ్రెంచి సైన్‌తో. మన అక్షరాలు పట్టే పద్ధతి బ్రిటన్‌దానికి దగ్గర.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయా. 1880లో ఇటలీలోని మిలాన్‌లో టీచర్ల మహాసభ ఒకటి జరిగింది. బధిర పిల్లలకి సైగలు వద్దు, పెదాలు చూసి మాట్లాడ్డమే నేర్పాలని అక్కడ తీర్మానించారు. ఆ దెబ్బకి చాలా దేశాల్లో స్కూళ్ళలోంచి సంజ్ఞా భాషలు వెళ్ళిపోయాయి. తీర్మానం చేసినవాళ్ళు దాదాపు అందరూ వినపడేవాళ్ళే. మా క్వైర్‌లో పదకొండు మందిమీ వినపడేవాళ్ళమే కదా అనిపించింది.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వినికిడి లోపమున్నవాళ్ళు 50 లక్షల పైనే. సంజ్ఞా భాష కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఢిల్లీలో మొదలైంది మాత్రం 2015లో. వాళ్ళ వీడియో నిఘంటువు 2018లో 3,000 మాటలతో వచ్చి, 2021కి 10,000 అయింది. ఫోన్‌లో ఫ్రీగా చూడొచ్చు. నేను అమెరికా వీడియోలు వెతికిన ఫోన్‌లోనే అది కూడా ఉంది.

అన్నిటికంటే నన్ను కుదిపింది వ్యాకరణం. మా తమ్ముడి మెసేజ్‌లు నేను ఫ్రెండ్స్‌కి చూపించి నవ్వేదాన్ని. "నువ్వు ఇల్లు వచ్చు ఎప్పుడు?" అని పెడతాడు. వాడికి తెలుగు రాదులే అనుకునేదాన్ని. ఇండియన్ సైన్‌లో ప్రశ్న మాట చివర వస్తుంది. 'లేదు', 'కాదు' కూడా చివరే. క్రియకి తెలుగులోలాగా తోకలు తగలవు. అంటే వాడు తన భాషని తెలుగు మాటల్లో రాస్తున్నాడు. నేను ఇంగ్లీషులో ఆలోచించి తెలుగు రాసినట్టే. ఈ మ్యాగజైన్‌కి నేనిచ్చిన మొదటి కవిత ఎర్ర గీతలతో తిరిగొచ్చింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నన్ను చూసి ఎవరూ స్క్రీన్‌షాట్ తీయలేదు.

ముఖం సంగతి కూడా అప్పుడే తెలిసింది. సైన్‌లో కనుబొమలు, కళ్ళు, బుగ్గలు అలంకారం కోసం కదలవు. ప్రశ్నా, మామూలు మాటా, ఎక్కువా తక్కువా చెప్పేది చాలావరకు ముఖమే. "ముఖాలు భక్తిగా పెట్టండి" అని నేను చెప్పడమంటే, గుణింతాలన్నీ చెరిపేసి ఉత్త హల్లులు చదవమని చెప్పడం లాంటిది.

సంక్రాంతి సెలవులకి వాడు మళ్ళీ వచ్చాడు. క్వైర్ అన్న మా ఇంటికే వచ్చి, ఈస్టర్‌కి వాణ్ణే నేర్పించమని అడిగాడు. వాడు ఒప్పుకోలేదు. "వద్దు. ఫోటో వద్దు" అని టైప్ చేసి ఫోన్ నాకిచ్చాడు. అన్నకి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. వాడి ముందే పీపీటీ తెరిచి ఆ స్లయిడ్ తీసేశా. సారీ చెప్పా. పిడికిలి గుండె మీద తిప్పితే వాడు తల అడ్డంగా ఊపాడు. అది కూడా అమెరికాదేనట! తర్వాత మన సైగేదో వాడే నేర్పించాడు, దాన్ని నాచేత మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ సరదాకే చేయించాడని నేననుకోవడం లేదు.

వాడు మూడు షరతులు పెట్టాడు. గ్లౌజులు వద్దు, తెల్ల చెయ్యి మీద తెల్ల చెయ్యి పడితే ముద్దలా కనపడుతుంది. లైట్లు వెనక వద్దు, ముందుండాలి. పాట వాడే ఎంచుకుంటాడు. వాడు ఎంచుకున్నది పాత కీర్తన. వాడికెలా తెలుసని అడిగితే బెంచి మీద అరచెయ్యి ఆనించి చూపించాడు. ఆ పాటకి డోలక్ బాగా మోగుతుందట. ఇన్నేళ్ళూ వాడు పాటల్ని అరచేత్తో గుర్తుపడుతున్నాడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకి తెలుసు, పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి పాత కవుల కాలం నుంచి వచ్చిన భాష. తమ్ముడు పుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, అర్థం ఏంటి అన్నాడు. 'దురితము'. పదకొండు మందిమి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చిన్నప్పట్నుంచీ పాడుతున్నాం, ఒక్కరికీ తెలీదు. వెనక కూచున్న మా అవ్వ, "పాపం రా దురితమంటే. ఇంతింత సదువులు సదివి అది గూడ తెలీదా?" అంది.

తర్వాత 'కృప' దగ్గర ఆగాడు. కృప అంటే కృపే కదా అన్నాం. అది వాడికి చాలదు. అయ్యగారు వచ్చి, అర్హత లేకపోయినా దొరికే ప్రేమ అని విడమరిచి చెప్పారు. నేను నా కొద్దిపాటి సైగలతో చెప్పడానికి తంటాలు పడ్డా. వాడు కాసేపు ఆలోచించి మీసం తిప్పాడు, ఫోన్ కింద పడేసినట్టు చేశాడు, కొట్టడానికి లేచిన చెయ్యి చూపించాడు, ఆ చెయ్యి దిగి తల నిమిరింది. వాడు నాయన కొత్త ఫోన్ పగలగొట్టిన రోజు. నాయన చెయ్యెత్తి, ఆగి, తల నిమిరాడు. క్వైర్‌లో వెనక నిలబడ్డ నాయన కిందకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. డిక్షనరీలో కృపకి సైగ వేరే ఉండొచ్చు. మా చర్చిలో మాత్రం ఇప్పుడు కృప అంటే ఇదే, లేచిన చెయ్యి తల నిమరడం.

నాలుగు చరణాల పాటలో రెండే తీసుకున్నాం. ఆదివారాలు వాడి హాస్టల్ నుంచి వీడియో కాల్. ఒకసారి మధ్యలో ఆపి, వినపడని పాస్టర్లు ఉంటారా అని అడిగాడు. వెతికి చూపించా. న్యూయార్క్‌లో బధిరుల కోసమే 1852లో మొదలైన సెయింట్ ఆన్స్ చర్చి. సియోల్‌లో 2007లో ఫాదర్ అయిన పార్క్ మిన్ సియో. మన పక్కన కేరళలో, త్రిసూర్‌లో 2024లో అభిషేకం పొందిన జోసెఫ్ తెర్మాడం. ఇద్దరూ వినపడని వాళ్ళే. వాడు ఆ ఫోటోలు వెంటనే తన హాస్టల్ గ్రూపుకి పంపించుకున్నాడు.

ఈస్టర్ రోజు మొత్తం సరిగ్గా చేశామని చెప్పను. రెండో చరణంలో నేను ఎడమ చెయ్యి, కుడి చెయ్యి తారుమారు చేశా. ముందు నిలబడి మాకు చూపిస్తున్న తమ్ముడు అక్కడికక్కడే కనుబొమలు ముడిచి సరిచేశాడు. ఫోన్లు ఈసారి తక్కువ లేచాయి. చేతుల కదలిక పోయినసారంత అందంగా లేదు మరి. అయిపోయాక వాడి వైపు చూశా. "అర్థం ఉంది" అన్నాడు. "కొంచెం తప్పు" అని కూడా అన్నాడు.

ఆ రోజు పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, టైలరు. ఆయనకీ వినపడదు. ఎన్నో ఏళ్ళుగా అప్పుడప్పుడూ వచ్చి వెనక కూచుంటాడట, నేనెప్పుడూ గమనించలేదు. స్కూలు ముఖం చూడలేదు కాబట్టి ఆయనకి ఇండియన్ సైన్ రాదు. మా పాట ఆయనకి ఎంత అందిందో నాకు తెలీదు. భోజనాల దగ్గర తమ్ముడు వెళ్ళి ఆయన పక్కన కూచున్నాడు. ఇద్దరూ గంటసేపు చేతులతో ఏదేదో చెప్పుకున్నారు. మధ్యలో ఆ పెద్దాయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిట్లించినట్టు నొక్కడం దూరం నుంచి చూశా. శెనక్కాయలు. మా ఇంట్లో పుట్టిందనుకున్న సైగ ఆయన ఇంట్లో కూడా పుట్టింది.

నాకిప్పుడు ఓ మూడొందల సైగలు వచ్చు. వాడితో గొడవ పడగలను, అది పెద్ద ప్రోగ్రెస్. నా పేరు మాత్రం ఇంకా మారలేదు. బొటనవేలు పైకీ కిందకీ.

ఈ సెమిస్టర్‌లో జూనియర్లు ఇద్దరు అదే ప్రాజెక్ట్ పీపీటీ అడిగారు. ఇస్తా. కోడ్ కూడా ఇస్తా. కానీ మోటివేషన్ స్లయిడ్ ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎవరిని పెట్టాలనుకుంటున్నారో ముందు వాళ్ళ దగ్గరికెళ్ళి అడిగి రండి. ఎలా అడగాలో తెలీకపోతే మా తమ్ముడు నేర్పిస్తానన్నాడు. ఈ మాట రాయొచ్చా అని అడిగే రాస్తున్నా.